తొమ్మిది సూదుల ప్రింటరు

మా యింటి పడమటి గదిలో, మా అత్తగారి కాలమున ధాన్యపు గాదె యుండిన చోట, నేడు పాత కంప్యూటర్లు బారులు తీరి యున్నవి. మా వారు నల్లజర్లలో ఉన్నత పాఠశాలోపాధ్యాయులు. కొందరికి పేకాట వ్యసనము, కొందరికి కోడిపందెములు. మా వారికి లోకము పారవైచిన యంత్రములు. వానిలో ఒక్కటియు ఆవువలె పాలీయదు, కుట్టుమిషనువలె రవిక కుట్టదు. అయినను ప్రతి ఆదివారము వానిపై దుమ్ము తుడుచు పని మాత్రము మాది.

గత వేసవిలో నొక మధ్యాహ్నమున తాడేపల్లిగూడెమునుండి వచ్చిన ఆటోలో నొక గోనెమూట దిగినది. పాత సామానుల గిడ్డంగిలో దొరికినదనియు, వెల రెండువేలేననియు చెప్పుచు మా వారు మురియుచు మూట విప్పిరి. ఆ రెండువేలును మేము సంక్రాంతి మొదలుకొని పోపులడబ్బాలో చేర్చినవి. గ్రైండరు రాయి మార్పింపవలెనని మా తలంపు. ఆ మాట అప్పుడనలేదు; ఇప్పుడు మీతో ననుచున్నాము.

మూటలోనుండి వెలువడినది ఒక ప్రింటరు. విప్రో వారి పేర అమ్మబడిన ఎల్.ఎక్స్. 800 అను రకము. జపానుదేశపు ఎప్సన్ వారి నమూనా. ఒకప్పుడు అంగళ్లలో, బ్యాంకులలో, రైలు టిక్కెట్లిచ్చు చోట్ల కిర్రు కిర్రుమని అరచుచు, అంచులకు రంధ్రములున్న మడతకాగితమును మ్రింగి విడుచుచుండెడి జాతి. దాని కడుపులో కందిరీగ మట్టిగూడు పెట్టియుండెను. ఎండిన బల్లిగ్రుడ్లు రెండు. హెడ్డు జరుగు ఇనుపకడ్డీకి పూసిన జిడ్డు కాలక్రమమున బెల్లపుపాకము ముదిరినట్లు ముదిరి గట్టిపడెను. రబ్బరు రోలు నునుపెక్కి అద్దమువలె మెరయుచు కాగితమును పట్టజాలకుండెను.

మేము కాఫీ యిచ్చుచు, "ఇందులో అక్షరముల దిమ్మె లెక్కడ?" అని అడిగితిమి. అచ్చనగా సీసపు టక్షరములని మా యెరుక. మా వారు తల యెత్తకయే, "అది నీకు బోధపడునది కాదులే" అనిరి.

కోపమున అన్నమాట కాదు. పని తొందరలో అన్నమాట. అయినను మాటకు బరువు చెప్పువాని మనస్సును బట్టి కాక వినువారి గాయమును బట్టి యుండును. మా గాయము పాతది.

మా పుట్టినిల్లు కొల్లేటి లంకలలో నొకటి. వానకాలమున సరస్సు పొంగినచో తాటిదోనెయే శరణ్యము. ఉన్నత పాఠశాల ఆవలి గట్టున నుండెను. మాకు చిన్ననాటినుండి ఉబ్బసము. నాన్నగారు తెలుగు పండితులు. "బడి నీ కడకు రాలేదు గనుక నేనే వచ్చెదను" అని అమరముతో మొదలిడి రఘువంశము, భారతము, వసుచరిత్ర, ఛందస్సు అన్నియు ఇంటనే చెప్పిరి. చదువు వచ్చినది, సర్టిఫికేటు రాలేదు. ఇంటింటి సర్వేకు వచ్చిన అమ్మాయి "చదువు?" అని యడిగి, మేము తడబడుట చూచి, తానే "ఏమియు లేదు" అని నొక్కి వెడలిపోయినది. ఆ పిల్లదేమి తప్పు? ఆమె చేతి ఫోనులో వసుచరిత్రకు గడి లేదు.

సరే, ప్రింటరు సంగతి. మొదటి పదిదినములు అది కేవలము అంట్లు తోము పని; కావున మాకే వచ్చినది. కందిరీగ గూటిని చీపురుపుల్లతో పొడిచి రాల్చితిమి. కడ్డీ జిడ్డును కిరసనాయిలు గుడ్డతో తుడిచి కుట్టుమిషను నూనె పలుచగా రాచితిమి. రబ్బరు రోలును మందులంగడిలో దొరకు స్పిరిటుతో రుద్దగా నునుపు విడిచి గరుకు తేలినది. మా వారు తీగెలు చూచుకొనిరి. పిమ్మట ఒక బొత్తాము నొక్కిపట్టి మీట వేసిన, కంప్యూటరుతో పనిలేకయే ఆ యంత్రము తన్ను తాను పరీక్షించుకొనునట. మీట వేసిరి. వీధిలోని కుక్కలన్నియు మొరిగెను. హెడ్డు అటునిటు పరుగెత్తినది. కాగితము తెల్లగనే యున్నది. రిబ్బను ఎండిపోయి యుండెను.

ఇచ్చట జరిగిన తప్పు మాదియే, దాచనక్కరలేదు. ఒక అంగడివాడు రబ్బరు స్టాంపుల సిరా పోసిన చాలునని చెప్పగా, మా వారు సందేహించుచుండగనే మేము గరిటెతో కొలిచి పోసితిమి. మొదటి పుట కాటుకవలె నల్లగా వచ్చినది. మరునాటికి ప్రతి అక్షరము నడుమను రెండు తెల్లని అడ్డగీతలు. కారణ మేమనగా, రిబ్బను సిరా నూనెతో చేసినది. అది కాగితమునకు రంగు, సూదులకు కందెన. స్టాంపు సిరా సూదులు దూరు సన్నని రంధ్రములలో చేరి ఆరి జిగురైనది. కొత్త రిబ్బను ఏలూరులో నేటికిని దొరకును. బిల్లులు కొట్టుకొను వర్తకులు ఈ జాతి ప్రింటర్లను ఇంకను విడువలేదు. ముందే కొనియుండిన ఈ చేటు రాకపోవును.

ఇప్పుడు ఆ సూదుల సంగతి చెప్పవలెను. ఈ ప్రింటరులో అక్షరపు దిమ్మెలు లేనే లేవు. హెడ్డు ముక్కున తొమ్మిది ఉక్కుసూదులు నిలువుగా ఒకదాని క్రింద నొకటి యుండును. ఒక్కొక్కదాని వెనుక ఒక తీగెచుట్ట. విద్యుత్తు పారినప్పుడు ఆ చుట్ట అయస్కాంతమై సూదిని ముందునకు తన్నును. సూది రిబ్బనును కాగితమునకు కొట్టి ఒక చుక్క పెట్టి వెనుకకు పోవును. హెడ్డు ఒక్కింత జరుగును, మరల కొట్టును. చుక్కలు కలిసి అక్షరమగును. వాకిట చుక్కలముగ్గు పెట్టు మనకు ఇది చెప్పవలసిన పని లేదు. అంతగా కొట్టుటచే హెడ్డు వేడెక్కును. పని ముగిసిన వెంటనే ముట్టి మా చూపుడువ్రేలు కాల్చుకొంటిమి. అట్లకాడతో కాలినట్లే బొబ్బ యెక్కినది.

హెడ్డు నూడదీసి, దాని ముక్కు మాత్రము తగులునట్లు స్పిరిటుతో తడిపిన గుడ్డపై మూడు రాత్రులు నిలిపితిమి. చుట్టలున్న పైభాగము తడియరాదు. నాలవనాడు నూనె బొట్టొకటి వేసి బిగించిరి. రెండు తెల్లగీతలలో ఒకటి పోయెను. ఇంకొకటి పోలేదు.

ఏ సూది చచ్చినదో తేల్చుటకు మా వారు సూచికాగ్రంథమును ఫోనులో సంపాదించి, ముందరి గదిలో పెద్దగా చదువుకొనుచుండిరి. "పైసూదికి 128, దాని క్రిందిదానికి 64, పిదప 32, 16, 8, 4, 2, 1. ఏయే సూదులు కొట్టవలెనో వాని అంకెలు కూడి పంపవలెను. మొత్తము 256 విధములు." మేము వంటింట అట్టు తిరుగవేయుచున్నాము. చేయి నిలిచిపోయినది. అట్టు మాడినది.

నాన్నగారు మాకు పదునొకండవ యేట ఉద్దిష్టము చెప్పిరి. ఛందస్సు చదివిన సోదరీమణులకు తెలిసినదే, తక్కినవారికై చెప్పెదము. పద్యపాదమున ప్రతి అక్షరము గురువో లఘువో యగును, మూడవది లేదు. ఎనిమిదక్షరముల పాదమునకు గురులఘువులను ఎన్ని విధముల కూర్పవచ్చును? 256 విధముల. అది అనుష్టుప్ ఛందము. ఆ కూర్పులన్నిటిని వరుసగా వ్రాయుట ప్రస్తారము. ఒక కూర్పును చూపి ఇది వరుసలో ఎన్నవదియని యడుగుట ఉద్దిష్టము. అందుకు ఉపాయము: మొదటి అక్షరముపై 1, రెండవదానిపై 2, పిదప 4, 8, 16 అని రెట్టింపు చేయుచు వ్రాసి, లఘువులపైనున్న అంకెలను మాత్రము కూడి, ఒకటి కలుపవలెను. పింగళుని ఛందస్సూత్రముల తుదియధ్యాయమునను, కేదారభట్టు వృత్తరత్నాకరమునను ఈ ప్రస్తారాదుల లెక్క కలదు. నాన్నగారు మాచేత ఉత్పలమాలకు వేయించిరి. ఇరువది యక్షరముల కృతిచ్ఛందములో 10,48,576 వృత్తములలో అది 3,55,799వది. పలకపై మూడుసార్లు తప్పి నాలవసారి సరిపెట్టితిమి. ఆనాడు మాకు రెండు తంపటకాయలు బహుమానము.

ఈ యంత్రము ఆ లెక్కనే చేయుచున్నది. కొట్టిన సూది లఘువు, కొట్టని సూది గురువు. మాడిన అట్టు పళ్ళెములో పెట్టుకొనియే ముందరి గదిలోనికి వెళ్ళి, "ఒక్కొక్క సూదికి వేరుగా 128, 64 అని వరుసగా ఎనిమిదంకెలు పంపుడు. ఏ గీత రాదో ఆ సూది చచ్చినది" అంటిమి. మా వారు మమ్ము చూచిరి, పళ్ళెమును చూచిరి. ఏమియు ననక పంపిరి. 4 అను అంకెకు గీత రాలేదు. పైనుండి ఆరవ సూది.

ఆ అంకెలు పంపిన కంప్యూటరు గూర్చి రెండు మాటలు. 1981లో ఇంగ్లండున బి.బి.సి. వారి కంప్యూటరు విద్యాప్రచారమునకై ఏకార్న్ అను కంపెనీ చేసిన యంత్రమది. 1984–85లో మన కేంద్రప్రభుత్వము క్లాస్ అను పథకము క్రింద దేశమునందలి సుమారు 250 పాఠశాలల పిల్లలకు కంప్యూటరు నేర్ప దలచి, ఈ జాతి యంత్రములనే పంచినది. దాని జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. నేడు మనము పంపుకొను పండుగ ఫోటో ఒక్కటియు అందులో పట్టదు. మా వారి కూటమిలో అదియే పట్టమహిషి. మొదటిసారి మీట వేసినప్పుడు దాని పెట్టెనుండి పొగ వెడలి మేము బకెట్టు నీళ్ళతో పరుగెత్తితిమి. నీళ్ళు పోయనందులకు మా వారు ఇప్పటికిని దేవునికి దండము పెట్టుదురు.

ఈ ప్రింటరునకు పుట్టుకతో తెలుగు రాదు. మన లిపులకై కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆరంభమై పూనాలోని సీడాక్ సంస్థలో పెరిగిన జిస్ట్ అను కార్డుండెడిది. దానిని కంప్యూటరునకు తగిలించిన తెలుగక్షరములను చుక్కలుగా మార్చి ఇట్టి ప్రింటర్లపై అచ్చొత్తించెడిది. 1991లో మన లిపులన్నిటికి ఇస్కీ అను అంకెల పట్టికయు ప్రమాణముగా ఏర్పడెను. మా కంప్యూటరు అంతకు ముందుతరముది. దానికి ఆ కార్డు తగులదు. అందుచే, "ఇంగ్లీషు వచ్చినది కదా, చాలును" అని మా వారు తృప్తిపడిరి. మాకు చాలలేదు. మా పోపులడబ్బా సొమ్ముతో వచ్చిన యంత్రము మా యింట ఒక్క తెలుగక్షరమైనను పలుకకపోవుటా?

ముగ్గుల పుస్తకములో ఎనిమిది చుక్కల నిలువు వరుసలు గీసి ‘ల’ అను అక్షరమును పొదిగితిమి. ప్రతి నిలువు వరుసకును లెక్క వేసితిమి. 27, 75 అను అంకెలు ముందుగా పంపిన, రానున్నవి అక్షరములు కావు, చుక్కలని ప్రింటరు గ్రహించును. తరువాత ఎన్ని వరుసలో చెప్పి, వరుసల అంకెలు పంపవలెను. అంగుళమునకు 60 వరుసలు. మా వారు మీటలు నొక్కిరి. కిర్రుమన్నది.

‘ల’ తలక్రిందులుగా వచ్చినది.

మా వారు నవ్వలేదు. అది వారి మంచితనము. మేము పడుకొనక ఆలోచించితిమి. పైచుక్క, మూడవది, నాలవది ఉన్న వరుసకు మేము 1, 4, 8 కూడి 13 వేసితిమి. ఛందస్సులో మొదటి అక్షరమునకు 1 కదా! యంత్రములో మొదటి సూదికి 128. ఆ వరుసకు రావలసినది 128, 32, 16 కూడి 176. నాన్నగారు చెప్పినది మొదటినుండి లెక్కించు పద్ధతి, జపానువారిది తుదినుండి లెక్కించు పద్ధతి, అంతియ తేడా. తెల్లవారుజామున అంకెలన్నియు మార్చితిమి. ‘ల’ తిన్నగా నిలిచినది. ఆరవ సూది చోట మాత్రము నడుము తెగి యుండెను.

ఏ వ్రాతకైనను శ్రీకారము ముందుండవలెను. కాని ‘శ్రీ’ ఎనిమిది చుక్కల యెత్తులో ఇముడదు; క్రింద రావొత్తునకు రెండవ అంతస్తు కావలెను. అందులోను నడుము తెగిన శ్రీకారము పెట్టుటకు మాకు మనసొప్పలేదు. హెడ్డు కొత్తది తెత్తుమా యన్న, దాని వెల ప్రింటరు వెలను మించినది.

అప్పుడు మాకు మా అత్తవారింటి పద్ధతి జ్ఞప్తికి వచ్చినది. ఒక తోడికోడలికి జ్వరము వచ్చిన పక్కనున్నది ఆమె వంతు పనియు చేయును. కాగితమును అంగుళములో 216వ వంతు చొప్పున జరుపు ఆజ్ఞ యొకటి ఈ ప్రింటరునకు కలదు. మూడు వంతులు జరిపిన సరిగా ఒక చుక్క యెత్తు పైకి పోవును. ఆరవ చుక్క యుండవలసిన తావు ఐదవ సూదికి ఎదురుగా వచ్చును. ముందు తక్కిన సూదులచేత కొట్టించి, కాగితము నొక చుక్క జరిపి, ఐదవదానిచేత ఆరవదాని పని చేయించిన సరి.

దీనికొక చిక్కు తగిలినది. మొదట ఈ ప్రింటరు ప్రతి పంక్తిని ముందరి పంక్తిపైనే కొట్టుచుండెను, కాగితము జరుగకుండెను. ఈ కంప్యూటరు తనంతట తాను పంక్తి జరుపుమను అంకె పంపదట. అందుకై ప్రింటరులోపలి చిన్న మీట యొకటి మార్చి, జరుగునట్లు మా వారు దిద్దియుండిరి. ఇప్పుడు మాకు కావలసినది జరుగకుండుటయే! "ఆ మీట మరల వెనుకకు త్రిప్పుడు" అనగా మా వారు, "రెండుదినములు కష్టపడి పోగొట్టిన రోగమును మరల తెమ్మందువా?" అనిరి. త్రిప్పిరి.

‘శ్రీ’ ఒక్కటికి నాలుగు పర్యాయములు హెడ్డు నడిచినది. పై అంతస్తునకు రెండు, రావొత్తునకు రెండు. కాగితము మూడు వంతులు, పిదప ఇరువదియొకటి, మరల మూడు చొప్పున జరిగినది. రాత్రి పదకొండు గంటలయినది. ఎదురింటి మామ్మగారు కిటికీ తీసి, "ఏమే, ఈ వేళ పిండిమర యాడించుచున్నారా?" అని కేకవేసినది. కాగితము చించి దీపము క్రింద పట్టితిమి. అంత అందమైన దస్తూరి కాదు. వొత్తు కొంచెము కుడికి ఒరిగినది. కాని నడుము తెగలేదు.

దసరా సెలవులకు ముందు మా వారి తరగతి పిల్లలు కూటమి చూడవచ్చిరి. కంప్యూటరు గూర్చి వారు చెప్పిరి. ప్రింటరు వద్దకు వచ్చి, "ఇది మీ అమ్మగారు చెప్పుదురు" అని తాము వసారాలోనికి పోయిరి. మాకు నోరెండినది. పిదప పలక తెప్పించి గురులఘువులతో మొదలిడి చెప్పితిమి. ఒక బాలిక, రెండు జడలది, "256 విధములయినచో పెద్ద అంకె 255 దగ్గర ఆగిందేమండీ?" అని యడిగినది. మన ఉద్దిష్టములో తుదకు ఒకటి కలుపుదుము, వరుస ఒకటితో మొదలగును. యంత్రము ఏమియు కలుపదు, సున్నతో మొదలిడును అని చెప్పితిమి. ఆ పిల్ల పలకపై తానే వేసి చూచుకొని గాని కదలలేదు.

వారు పోయిన తరువాత చూడగా ప్రింటరు ముందు మా వారు స్వహస్తమున వ్రాసిన చీటి యున్నది. "తొమ్మిది సూదుల ప్రింటరు. మా శ్రీమతి సహాయముతో బాగుచేయబడినది." మేము ఆ చీటిని రెండుసార్లు చదివితిమి. "ఏమండీ, సహాయ మెవరిది, పని యెవరిది?" అని యడిగితిమి. మా వారు కండ్లద్దములు సవరించుకొని కొంతసేపు చీటినే చూచుచు, "నిజమే. మార్చెదను. చేవ్రాత ఏల, ఈ ప్రింటరుపైననే తెలుగున కొట్టి పెట్టుదము. అంకెలు మాత్రము నీవే వేయవలెను, నాకు రావు" అనిరి.

నిన్న రాత్రి వంటిల్లు సర్దుకొన్న పిదప ముగ్గుల పుస్తకము ముందు పెట్టుకొని కూర్చుంటిమి. ‘శ్రీ’కి మరల వేయ నక్కరలేకపోయెను, అది పాతదే పనికివచ్చినది. తక్కిన అక్షరములన్నిటికిని వరుసలు గీసి, లెక్కలు వేసి, తెల్లవారకముందే ముగించితిమి. ‘సహాయము’ అను మాటకు మాత్రము అంకెలు వేయలేదు.